కంప్యూటరును తేదీ యడుగుట

(మా తెలుగు మాధ్యమ పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఇట్టి సభలలో ప్రధానోపాధ్యాయుడు పరీక్షా ఫలితములను గూర్చియు, మాతృభాషా బోధనను గూర్చియు మాటలాడుట వాడుక. ఈ యేడు మేము కంప్యూటర్లను గూర్చి మాటలాడ దలచితిమి. ఇది మేము చదివి వచ్చిన విద్య కాదు. మేము తెలుగును, గణితమును చెప్పుకొనుచు తల నెరసిన వారము. అయినను గత సంవత్సరము ఒక చిన్న ప్రశ్నకు సమాధానము చెప్పలేక తల వంచుకొంటిమి. ఆ ప్రశ్న యేదో, దానికి సమాధానమును ఎట్లు సంపాదించితిమో మీకు విన్నవించుట మా విధి యని తలచుచున్నాము. అందులో మా తప్పును గలదు. దానిని కూడ దాచము.

మన హోసూరు ప్రాంతమున తెలుగు మాధ్యమమున పదవ తరగతి చదువు పిల్లలకు అంగడిలో దొరకు సహాయ పుస్తకములు ఎంత తక్కువో మీరెరుగుదురు. ఆ లోటును తీర్చుటకై మా యుపాధ్యాయులు యేండ్ల తరబడి విజ్ఞానశాస్త్రమునకును, సాంఘికశాస్త్రమునకును తెలుగులో ప్రశ్నావళులను, సంగ్రహ పాఠములను తామే వ్రాసి, కంప్యూటరులో ఎక్కించి, పిల్లలకు అచ్చొత్తి యిచ్చుచుండిరి. అర్ధ సంవత్సర పరీక్షలకు పది దినముల ముందు ఒక ఉదయమున ఉపాధ్యాయుల గదిలోని కంప్యూటరు తెరచి చూడగా, ఆ పత్రములలో నొక్కటియు తెరువబడలేదు. వానికెవరో తాళము వేసిరి. తాళము తీయుటకు ధనమీయవలెనని తెరమీద ఆంగ్లములో నొక బెదిరింపు. వెల యిచ్చి విడిపించుకొనుట తగదని నిశ్చయించితిమి. అచ్చు ప్రతులు మిగిలినవానిని వెదకి, ఉపాధ్యాయులును, పై తరగతి పిల్లలును కూడి మరల టైపు చేసిరి. ప్రతులు మిగులని పాఠములు పోయినవి పోయినవే.

యంత్రమును బాగుచేయ వచ్చిన యువకుడు మమ్ము మొట్టమొదట అడిగిన ప్రశ్న యిది: “సార్, దీనికి చివరిసారి అప్‌డేటు ఎప్పుడు పడింది?”

మేము చెప్పలేకపోయితిమి. మా పాఠశాలలో ప్రతి పనికిని తేదీ గలదు. పిల్లవాడు చేరిన తేదీ, బదిలీ పత్రమిచ్చిన తేదీ, నీటి తొట్టి కడిగిన తేదీ, అన్నియు పుస్తకములలో నున్నవి. ఈ యొక్క తేదీ మాత్రము ఏ పుస్తకమునను లేదు. “అది తనంతట తానే జరుగునని విన్నాము” అని యంటిమి. ఆ యువకుడు నవ్వలేదు. నవ్వియుండిన మాకు తేలికగా నుండెడిది.

ఇచ్చట అప్‌డేటు అనగానేమో రెండు మాటలలో చెప్పుదుము. కంప్యూటరును నడుపు సాఫ్ట్‌వేరు లక్షలకొలది వాక్యముల వ్రాత. అంత పెద్ద వ్రాతలో తప్పులు దొర్లుట సహజము. కొన్ని తప్పులు దొంగకు కన్నములగును. తయారుచేసిన వారు కన్నమును కనుగొన్నప్పుడెల్ల దానిని పూడ్చు సవరణను పంపుదురు. అదియే అప్‌డేటు. విండోస్ అను వ్యవస్థకు 2003 అక్టోబరు మొదలు ప్రతి నెల రెండవ మంగళవారమున ఈ సవరణలను పంపుట మైక్రోసాఫ్ట్ సంస్థ వాడుక. కాలభేదమువలన అవి మనకు ఆనాటి రాత్రి అందును. ఇందులో నొక చిక్కు గలదు. సవరణ వెలువడిన దినముననే కన్నమెచ్చట నున్నదో దొంగలకును తెలియును. ఆ దినము మొదలు సవరణను అమర్చుకొనని కంప్యూటరు, గోడకు పడిన కన్నమును ఊరంతకు చాటింపు వేసి చూపిన యింటివంటిది. కాబట్టియే చివరి తేదీ యేదను ప్రశ్నకు అంత విలువ.

దీనికి లోకమెరిగిన దృష్టాంత మొకటి గలదు. 2017 మార్చి 14వ తేదీన మైక్రోసాఫ్ట్ ఒక సవరణను విడుదల చేసెను. సరిగా 59 దినములకు, మే 12వ తేదీన, “వన్నాక్రై” అను తాళపు పురుగు ఆ కన్నము గుండనే దూరి, దినముల వ్యవధిలో సుమారు 150 దేశములకు ప్రాకెను. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయముల కంప్యూటర్లు సైతము దాని వాత పడెను. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యశాలలను నడుపు 236 ట్రస్టులలో కనీసము 80 ట్రస్టులు దెబ్బతిని, రోగులు వెనుకకు మరలవలసి వచ్చెను. ఆ దేశపు లెక్కల తనిఖీ కార్యాలయము అదే సంవత్సరము ప్రకటించిన నివేదికలో మాకు మిక్కిలి పట్టిన విషయమొకటి గలదు. సవరణను అమర్చుకొనుడని ఆ వైద్యశాలలకు మార్చి, ఏప్రిల్ మాసములలోనే హెచ్చరికలు వెళ్లినవి. వెళ్లిన హెచ్చరిక అమలయ్యెనా లేదా యని చూచుటకు మాత్రము పైవారికి సరియైన యేర్పాటు లేకుండెను. తాఖీదు పంపుట వేరు, పని జరిగినదని చూచుట వేరు. ఈ మాట ప్రధానోపాధ్యాయునకు ఎవరును నేర్పనక్కరలేదు. అయినను మేము మా కంప్యూటర్ల విషయమున దానిని మరచితిమి.

ఆ యువకుడు వెళ్లిన పిదప మా కంప్యూటరు ఉపాధ్యాయిని యొక ఉపాయము చెప్పిరి. ప్రయోగశాలలోను, ఉపాధ్యాయుల గదిలోను కలిపి మాకు 22 యంత్రములు. ఒక్కొక్కదాని ముందు కూర్చుండి, సెట్టింగ్సు తెరచి, చరిత్రను వెదకి వ్రాసికొనుటకు ఒక పూట పట్టును. ప్రతి వారము ఎవరును చేయరు. దానికి బదులు ఒక స్క్రిప్టు వ్రాయుదమనిరి. స్క్రిప్టు అనగా మరేమియు కాదు. మనము నోటితో చెప్పదగిన ఆజ్ఞలను వరుసగా ఒక కాగితముమీద వ్రాసినట్లు, కంప్యూటరు గ్రహించు మాటలలో ఒక చిన్న పత్రమున వ్రాసి పెట్టుట. “నీ పేరు చెప్పుము. నీకు చివరిసారి సవరణ జరిగిన తేదీ చెప్పుము. ఆ రెంటిని ఈ పుస్తకములో నొక వరుసగా వ్రాయుము.” ఇంతే. విండోసులో ఇట్టి ఆజ్ఞలకు పవర్‌షెల్ అను సాధనము ముందే యమర్చబడి యున్నది. దానికి వెల లేదు.

మొదటి స్క్రిప్టు విండోసులోని స్వయం సవరణ విభాగమును రెండు తేదీలడిగెను: చివరిసారి సవరణలకై విజయవంతముగా వెదకిన తేదీ యొకటి, చివరిసారి విజయవంతముగా అమర్చిన తేదీ యొకటి. సమాధానములను చూచి మేము సంతోషించితిమి. దాదాపు అన్ని యంత్రములును నిన్న, మొన్న అనియే చెప్పినవి. గంటలు మాత్రము వింతగా నుండెను. ఉదయము 5 గంటల 30 నిమిషములకు సవరణ జరిగినట్లు చూపగా, తొమ్మిదవ తరగతి బాలిక యొకతె “సార్, ఆ వేళకు వాచ్‌మన్ తాత కూడ లేవడు గదా” అని యడిగెను. విచారింపగా ఆ విభాగము కాలమును ప్రపంచ ప్రమాణ కాలమున చెప్పునని తేలెను. దానికి మన దేశమున అయిదున్నర గంటలు కలుపవలెను. అనగా పగలు 11 గంటలకు జరిగినదన్నమాట. సరిపోయెను. మా బాలిక అడుగకపోయిన మేము గమనించి యుండము.

కాని మా ఉపాధ్యాయినికి తృప్తి కలుగలేదు. అన్నియు నిన్ననే సవరింపబడిన పక్షమున ఈ కీడేల వచ్చెనని ఆమె శంక. ఆమె రెండవ స్క్రిప్టు వ్రాసిరి. అందులో “గెట్-హాట్‌ఫిక్స్” అను ఆజ్ఞ గలదు. ఇది యంత్రమున అమరియున్న విండోస్ సవరణల పట్టికను, ఒక్కొక్కదాని “కె.బి.” సంఖ్యతోను, అమర్చిన తేదీతోను చూపును. ఆ పట్టికను తేదీల వరుసను పేర్చి, కడపటిదానిని మాత్రము తీసికొనుమని ఆజ్ఞాపించిరి. ఈ పర్యాయము వచ్చిన సమాధానములను చూచి మా నోట మాట రాలేదు. 22 యంత్రములలో 17 యంత్రములకు కడపటి నెలసరి సవరణ జరిగి తొమ్మిది మాసములు దాటినది.

రెండు సమాధానములును నిజమే. ఎట్లనగా, విండోసుతో వచ్చు క్రిమినాశకమునకు కొత్త పురుగుల గుర్తుల జాబితా యొకటి దినదినమును అందుచుండును. అది చిన్నది, నిమిషములలో దిగి అమరును. మొదటి స్క్రిప్టు దానిని కూడ సవరణగానే లెక్కించి “నిన్న” అని చెప్పెను. గోడలోని కన్నమును పూడ్చు నెలసరి సవరణ చాల పెద్దది. అది అమరుటకు కాలము పట్టును. మన ప్రశ్న సరిగా లేనప్పుడు యంత్రము అబద్ధమాడకయే మనలను మోసగింపగలదు. పిల్లవానిని “చదివితివా?” అనిన “చదివితిని” అనును, “ఏ పాఠము చదివితివి?” అని యడిగిననే గాని సంగతి తెలియదు.

మరి యా పెద్ద సవరణ ఏల అమరలేదు? ఇచ్చటనే మా తప్పు గలదు. రెండేండ్ల క్రిందట విద్యుత్తు ఖర్చును తగ్గింపవలెనని, ప్రతి పీరియడు కాగానే కంప్యూటర్ల ప్రధాన స్విచ్చిని ఆపివేయవలసినదిగా మేమే ఉత్తరువు వ్రాసి గోడకు అంటించితిమి. మా పీరియడు 40 నిమిషములు. ఒక విండోస్ యంత్రమునకు సవరణ నమ్మకముగా అందవలెనన్న, అది వెలువడిన పిదప ఇంటర్నెట్టుతో ఎడతెగక కనీసము 2 గంటలు, మొత్తముమీద 6 గంటలు కలిసియుండవలెనని మైక్రోసాఫ్ట్ వారు 2022లో ప్రకటించిరి. మా యంత్రములు ప్రతి దినము సవరణను వెదకినవి, కొంత దింపుకొన్నవి, అంతలో మేము స్విచ్చి నార్పితిమి. అవి తమ పని తాము చేయ యత్నించుచునే యుండెను, అడ్డుపడినవారము మేము. ఆ తాళపు పురుగు ఎవరి పెన్‌డ్రైవు వెంట వచ్చెనో, నెలసరి సవరణ జరిగియుండిన తప్పక ఆగియుండెనో, మేము ప్రమాణము చేసి చెప్పజాలము. కాని పిల్లల పాఠములకు కాపలాదారులమై యుండియు తలుపు గడియ వేసితిమో లేదో చెప్పలేకపోయితిమి. ఆ లోపము మాది. దానికి ఈ సభా ముఖమున మన్నింపు వేడుచున్నాము.

ఆ ఉత్తరువును చింపివేసితిమి. ఇప్పుడు ప్రతి శుక్రవారము మధ్యాహ్నము నుండి సాయంకాలము వరకు యంత్రములన్నియు వెలిగియుండును. ఆ దినముననే విండోసులోని టాస్క్ షెడ్యూలరు అను గడియారము స్క్రిప్టును తానే నడుపును. ప్రతి యంత్రమును ఉపాధ్యాయిని కంప్యూటరులోని ఉమ్మడి సంచికలో ఒక వరుస వ్రాయును. తొమ్మిదవ తరగతి పిల్లలిద్దరు వంతులవారీగా ఆ వరుసలను చదివి, గట్టి అట్ట గల ఒక రిజిస్టరులో తెలుగున ఎక్కింతురు. 35 దినములు దాటిన తేదీకి ఎర్ర సిరాతో గుర్తు పెట్టుదురు. సవరణలు నెలకొకమారు వచ్చును గనుక, నెలకు కొంత వెసులుబాటు కలిపి ఆ లెక్కను పెట్టుకొంటిమి. సోమవారము ఉదయము హాజరు పట్టీతోపాటు ఆ రిజిస్టరు మా బల్లమీదకు వచ్చును. మేము చూచి సంతకము చేయుదుము.

ఈ పనిలో మేము నేర్చిన మూడు మెళకువలను చెప్పుదుము. మీలో అంగళ్లు, కార్యాలయములు నడుపువారికి పనికివచ్చును.

మొదటిది, వరుస వ్రాయని యంత్రమును గూర్చి. స్క్రిప్టు వెలిగియున్నవానినే అడుగగలదు. మూలనుండి మాటలాడని యంత్రమునకు తేదీయే రాదు. తేదీ లేదు గనుక ఎర్ర గుర్తును పడదు. కావున ముందుగా 22 పేర్ల జాబితా వ్రాసికొని, ఎవరు పలుకలేదో చూడవలెను. పలికినవారిని మాత్రము లెక్కించి బడి మూసివేసిన హాజరెట్లు తేలును? అట్లే పట్టికలో ఒక్కొక్కప్పుడు తేదీ గడి ఖాళీగా వచ్చును. ఖాళీని బాగున్నదని తలచరాదు, పోయి చూడవలెను.

రెండవది, అమర్చినంత మాత్రమున పని ముగియదు. పెక్కు సవరణలు యంత్రమును మరల ప్రారంభించిననే గాని అమలునకు రావు. మందు కొని తెచ్చి అలమరలో పెట్టుట వంటిదది. అందుచేత యంత్రము చివరిసారి ఎప్పుడు ప్రారంభమైనదో ఆ తేదీని కూడ మా స్క్రిప్టు అడుగును.

మూడవది, తేదీ వ్రాయు పద్ధతి. కొన్ని యంత్రములు నెలను ముందు వ్రాయును, కొన్ని దినమును ముందు వ్రాయును. 3/4 అనిన మార్చి నాలుగో, ఏప్రిల్ మూడో తెలియదు. అందుచేత సంవత్సరము, నెల, దినము అను క్రమమున వ్రాయుమని స్క్రిప్టునకు కట్టడి చేసితిమి. ఇందువలన తేదీలు తమంతట తామే వరుసలో నిలుచును.

మా యంత్రములలో మూడు లినక్స్ వ్యవస్థతో నడుచును. ఉబుంటు, డెబియన్ వంటి వానిలో “ఏప్ట్” అను సామగ్రి నిర్వాహకము తాను చేసిన ప్రతి పనిని ప్రారంభ సమయముతో సహా ఒక దినచర్య పత్రమున వ్రాసి యుంచును. స్క్రిప్టు ఆ పత్రములో కడపటి తేదీని చదివి తెచ్చును. పాత పుటలు కొంత కాలమునకు వేరు కట్టలుగా మడువబడును గనుక, ఈ నెల పత్రము ఖాళీగా నున్నచో వెనుకటి కట్టను విప్పి చూడవలెను. మార్గము వేరైనను ప్రశ్న యొక్కటే.

ఇంతమాత్రమున కష్టములన్నియు తీరెనని మేము చెప్పము. సవరణయే కీడు చేసిన సందర్భములును గలవు. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ పంపిన తప్పు సవరణ యొకటి సుమారు 85 లక్షల విండోస్ యంత్రములను నిలిపివేయగా, పెక్కు దేశములలో విమానములు ఆగిపోయెను. అందుచేత మేము సవరణను మొదట రెండు యంత్రములమీద చూచి, కొన్ని దినములాగి తక్కినవానికి అనుమతించుచున్నాము. ఉపాధ్యాయుల తెలుగు పాఠములకు రెండు నకళ్లు తీయించి, ఒకదానిని కంప్యూటరుతో కలుపక బీరువాలో ఉంచుచున్నాము. సవరణ గోడకు, నకలు గోడ కూలిననాటికి.

స్క్రిప్టు మరియొక చేదు నిజమును బయటపెట్టెను. విండోస్ 10 వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. మా పాత యంత్రములలో ఆరింటికి విండోస్ 11 కోరు భద్రతా చిప్పు లేదు. వానిని లినక్స్‌కు మార్చుటయో, ఇంటర్నెట్టుకు దూరముగా ఉంచుటయో, కొత్తవి కొనుటయో సంఘము నిర్ణయింపవలెను. పూర్వము మేము “కంప్యూటర్లు పాతబడినవి” అని విన్నవించుకొనుచుంటిమి. ఏవి, ఎన్ని యని అడిగిన చెప్పలేకుంటిమి. ఈ యేడు కార్యవర్గము ముందు రిజిస్టరును తెరచి పెట్టితిమి.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. మొన్న మా గదికి వచ్చిన ఒక తల్లి ఆ రిజిస్టరును చూచి, “అయ్యవారూ, మా బిడ్డకు టీకాల కార్డున్నట్టు దీనికి గూడా కార్డు పెట్టినారా?” అని యడిగినది. మేమింతసేపు చెప్పిన దానిని ఆమె ఒక్క మాటలో చెప్పినది. అట్టి కార్డు మీ చేతిలోని ఫోనునకును గలదు. దానికి స్క్రిప్టు అక్కరలేదు. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్సు తెరచి, ఫోనును గూర్చి చెప్పు భాగమునకో, భద్రతా భాగమునకో పోయిన, భద్రతా సవరణ తేదీ వ్రాసియుండును. ఈ రాత్రి మీ పిల్లల చేత చూపించుకొనుడు. అది పెక్కు మాసముల పాతదైన, వైఫై గల చోట ఫోనును చార్జింగునకు పెట్టి సవరణను అమర్చుకొనుడు. సంవత్సరముల పాతదై, కొత్త సవరణ యేదియు రానిచో, ఆ ఫోనుతో బ్యాంకు లావాదేవీలు చేయకుండుట మేలు. పూలమండి లెక్కలును, చీటీ డబ్బులును ఇప్పుడు ఫోనులోనే జరుగుచున్నవి గదా.

ఒక జాగ్రత్త. “మీ యాప్ పాతబడినది, దీనిని నొక్కి అప్‌డేటు చేసికొనుడు” అని వాట్సాపులోనో, సందేశములోనో వచ్చునది అప్‌డేటు కాదు; దొంగ తానే తెచ్చిన తాళపుచెవి. ఫోను సెట్టింగ్సు నుండియు, ప్లే స్టోరు నుండియు వచ్చినదే నమ్మదగినది. అట్లే అన్యులు వ్రాసిన స్క్రిప్టును చదువక నడుపరాదని మా పిల్లలకు మొదటి దినముననే చెప్పితిమి. చదువగల ఆజ్ఞ చెరపనూ గలదు.

మన పూర్వులు ఈ సీమలో తరతరములుగా నిలిచి తెలుగును కాపాడుకొనిరి. తాళపత్రమునకు పురుగు పట్టకుండ నూనె పూసి, యెండబెట్టి, మరల కట్ట కట్టెడివారు. మన కాలపు తెలుగు పాఠములు యంత్రములలో నున్నవి. వాని పురుగులు వేరు, పూయవలసిన నూనెయు వేరు. పూసితిమా యని చూచుకొను అలవాటు మాత్రము మారలేదు. వచ్చు శుక్రవారము సాయంకాలము ప్రయోగశాల తలుపులు తెరచియుంచుదుము. మీరు వచ్చి, మీ బిడ్డ వ్రాసిన రిజిస్టరులో తేదీలను మీ కన్నులతో చూచి, ఎర్ర గుర్తు కనబడినచో మమ్ము నిలదీసి యడుగవలెనని కోరుచున్నాము.